కొండ మీది కెమెరా ఎవరి కోసం?

అలాస్కాలో చిన్న విమానాలు నడిపే పైలట్లు బయల్దేరే ముందు ఒక వెబ్‌సైట్ చూస్తారు. తాము దాటాల్సిన కనుమ ఫొటో అందులో ఉంటుంది. దాదాపు పది నిమిషాలకోసారి అది మారుతుంది. పక్కనే, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున అదే చోట తీసిన మరో ఫొటో ఉంటుంది. ఏ శిఖరం ఎంత ఎత్తో, ఎంత దూరమో దాని మీద రాసి ఉంటుంది. ఆ ఫొటోలో ఉన్న శిఖరం ఇప్పటి ఫొటోలో లేదంటే మబ్బు ఎంత కిందికి దిగిందో ఇట్టే తెలిసిపోతుంది. వెళ్లాలా, ఆగాలా అన్న నిర్ణయం నేల మీద ఉండగానే జరిగిపోతుంది.

అమెరికా పౌర విమానయాన నియంత్రణ సంస్థ నడిపే ఈ కెమెరాలు ఇప్పుడు అలాస్కాలో 200కు పైగా చోట్ల ఉన్నాయి. అక్కడ చాలా పల్లెలకు రోడ్డు లేదు. మందులైనా, సరుకులైనా విమానంలో రావాల్సిందే. ఆ ఫొటోలు పైలట్లకు మాత్రమే పరిమితం కాదు. విమానం ఎక్కబోయే ప్రయాణికుడు, ఊళ్లో ఎదురుచూసే బంధువు కూడా ఉచితంగా చూడొచ్చు. ఆల్ప్స్ పర్వతాల్లోనూ ఇది మామూలు విషయమే. మంచు పడిందా, దారి కనిపిస్తోందా అని జనం వెబ్‌క్యామ్‌లు చూసుకుని ఇల్లు కదులుతారు.

ఇక మన హిమాలయాలకు వద్దాం. 2022 అక్టోబర్ 18న కేదార్‌నాథ్ సమీపంలో హెలికాప్టర్ కూలి పైలట్‌తో సహా ఏడుగురు చనిపోయారు. 2025 జూన్ 15న కేదార్‌నాథ్ నుంచి గుప్తకాశీ వెళ్తున్న మరో హెలికాప్టర్ గౌరీకుండ్ దగ్గర కూలింది. అందులోనూ ఏడుగురు చనిపోయారు, వారిలో ఓ పసిబిడ్డ కూడా ఉంది. రెండుసార్లూ వినిపించిన మాట ఒకటే: లోయను మబ్బు కమ్మేసింది, ఎదురుగా ఏముందో కనిపించలేదు.

అక్కడ హెలికాప్టర్లు నడిచేది ప్రధానంగా కంటిచూపు మీదే. ఇరుకైన లోయ వెంట, రెండు కొండల మధ్యగా వెళ్లాలి. ఎండ ఎక్కేకొద్దీ వాలులు వేడెక్కి తేమగాలి పైకి లేస్తుంది. కింద లేని మబ్బు పైన నిమిషాల్లో కట్టేస్తుంది. జిల్లా మొత్తానికి ఇచ్చే వాతావరణ సూచన ఎంత సరైనదైనా ఫలానా మలుపు దగ్గర ఇప్పుడు ఏముందో చెప్పలేదు. దాన్ని చెప్పగలిగేది అక్కడున్న మనిషి, లేదంటే అక్కడున్న కెమెరా.

వరుస ప్రమాదాల తర్వాత చార్‌ధామ్ హెలికాప్టర్ మార్గాల్లో నిఘా పెంచే ప్రయత్నాలు మొదలయ్యాయి. మంచిదే. కానీ ఆ దృశ్యాలు చివరికి ఎవరి తెర మీదికి వెళ్తాయన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. కంట్రోల్ రూమ్‌కి, పైలట్‌కి పరిమితమైతే సగం ప్రయోజనమే. టికెట్ కొన్నవారు 'డబ్బులు కట్టాం కదా, ఎందుకు ఆపారు' అని నిలదీస్తారు. సీజన్ కొద్ది నెలలే కాబట్టి ప్రతి ట్రిప్పూ ఆపరేటర్‌కు ముఖ్యమే. ఈ రెండు ఒత్తిళ్లూ వచ్చి పడేది పైలట్ మీద. మూసుకుపోయిన లోయ హెలిప్యాడ్ దగ్గర పెద్ద తెర మీద అందరికీ కనిపిస్తే ఆ వాదన అక్కడే తగ్గుతుంది. మబ్బులో ఎగరడానికి సిద్ధపడ్డ ఆపరేటర్‌ను ప్రయాణికుడే ప్రశ్నించగలడు.

పైన ఏం జరుగుతోందో కింద ఉన్నవారికి తెలియకపోతే ఏమవుతుందో తెలుగువారికి ఒకరు చెప్పక్కర్లేదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో ఎగువ నుంచి నీళ్లు వదలడంతో బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. 2025 ఆగస్టు 5న ఉత్తరకాశీ జిల్లా ధరాలీని వరద ముంచెత్తినప్పుడు, ఎదుటి గట్టున ఉన్న ముఖ్‌బా గ్రామస్థులు ఈలలు వేశారు, కేకలు పెట్టారు. దేశమంతా చూసిన ఆ వీడియోలు వాళ్ల ఫోన్లలో తీసినవే. ఆ రోజు కళ్లకు కట్టిన కెమెరా, మోగిన సైరన్ రెండూ వాళ్లే.

అయితే కెమెరా బిగించగానే పని అయిపోదు. సిక్కింలోని దక్షిణ లొనాక్ హిమానీనద సరస్సు దగ్గర 2023 సెప్టెంబర్‌లో కెమెరా, వాతావరణ పరికరాలు అమర్చారు. ఆ నెలాఖరుకే వాటికి విద్యుత్ ఆగిపోయింది. అక్టోబర్ 3 అర్ధరాత్రి దాటాక సరస్సు తెగి వచ్చిన వరద చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల తీస్తా-3 ప్రాజెక్టు డ్యామ్‌ను ఊడ్చేసింది. పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు, ఇంకా ఎందరో గల్లంతయ్యారు. ఆ చీకట్లో కెమెరా పనిచేసినా ఎంత చూపించేదన్నది వేరే సంగతి. రాత్రికి, పొగమంచుకు రాడార్లు, నీటిమట్టం కొలిచే సెన్సార్లు కావాలి. అన్నిటికీ మించి వాటిని నిత్యం కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి.

ఈ ఏర్పాట్లన్నీ కుదిరితే ఏం జరుగుతుందో స్విట్జర్లాండ్‌లోని బ్లాటెన్ చూపించింది. కొండ రాళ్లు విరిగి హిమానీనదం మీద పడుతున్నాయని ముందే గమనించి, 2025 మే 19న ఊళ్లోని సుమారు 300 మందిని ఖాళీ చేయించారు. మే 28న హిమానీనదం కూలి ఊళ్లో చాలా భాగాన్ని కప్పేసింది. ప్రాణం పోయింది ఒక్కరిది. చూసే పరికరం, దాని అర్థం తెలిసిన నిపుణుడు, వెంటనే కదిలే యంత్రాంగం అక్కడ ఒకేసారి పనిచేశాయి.

సరిహద్దు ప్రాంతాల దృశ్యాలు బయటపెడితే భద్రతకు ముప్పని అభ్యంతరం రావచ్చు. సైనిక స్థావరాల విషయంలో అది న్యాయమే. కానీ లక్షలాది యాత్రికులు ఫోన్లతో వీడియోలు తీస్తూ నడిచే దారికి ఆ కారణం అతకదు. సాంకేతికత లేదనీ అనలేం. ఎవరెస్టుకు ఎదురుగా, 5,675 మీటర్ల ఎత్తున కాలాపత్థర్ మీద సౌరవిద్యుత్‌తో నడిచే వెబ్‌క్యామ్‌ను ఇటలీ పరిశోధకులు 2011లోనే పెట్టారు.

అందుకే ప్రభుత్వాలు చేయాల్సింది కెమెరాల సంఖ్య ప్రకటించడం ఒక్కటే కాదు. యాత్రామార్గాల్లోని ప్రతి హెలిప్యాడ్, కనుమ, కొండచరియలు విరిగే మలుపు ఇప్పుడెలా ఉన్నాయో ఎవరైనా ఫోన్‌లో చూసుకునే వీలుండాలి. పక్కన నిర్మలమైన రోజు ఫొటో కూడా పెట్టాలి. కెమెరా ఆగిపోతే ఎప్పటి నుంచి ఆగిందో అదే పేజీలో కనిపించాలి. పనిచేయని కెమెరా సంగతి జనానికి తెలిసినప్పుడే దాన్ని బాగుచేయాలన్న ఒత్తిడి పెరుగుతుంది.