కార్డు ఆమెది, రహస్యం ఎవరిది?

2013 నవంబరులో బెంగుళూరులో ఒక స్త్రీ ప్రసూతి సెలవులో ఉంది. ఇల్లు కదలలేని స్థితి. తన ఏటీఎం కార్డు, పిన్ నంబరు భర్తకిచ్చి 25,000 రూపాయలు తెమ్మంది. యంత్రం రసీదు ఇచ్చింది గానీ డబ్బు ఇవ్వలేదు. ఖాతాలో మాత్రం ఆ మొత్తం తగ్గిపోయింది. ఆమె బ్యాంకు చుట్టూ తిరిగింది. వినియోగదారుల ఫోరానికి వెళ్లింది. యంత్రం నుంచి డబ్బు రాలేదని చూపే సీసీటీవీ దృశ్యాలు కూడా సంపాదించింది. ఆ దృశ్యాల్లో ఖాతాదారు కనబడలేదు కదా అంది బ్యాంకు. చివరికి 2018లో ఫోరం బ్యాంకు వాదననే ఒప్పుకుంది. పిన్ నంబరు భర్తకైనా సరే ఇవ్వకూడదనీ, తాను వెళ్లలేనప్పుడు సెల్ఫ్ చెక్కో, అధికార పత్రమో ఇచ్చి పంపాల్సిందనీ తీర్పు చెప్పింది.

పసిబిడ్డతో ఇంట్లో ఉన్న స్త్రీకి ఇంతకంటే వేరే దారి ఏముందని మనకు కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఈ కేసు మన ముందుంచే ప్రశ్న ఇంకా పెద్దది. పిన్ నంబరు ఖాతాదారు ఒక్కరికే తెలియాలని బ్యాంకు అంటుంది. మరి మన ఇళ్లలో స్త్రీకి ఒక రహస్యం ఉంచుకునే హక్కు ఉందా?

"ఆలుమగల మధ్య దాపరికమేమిటి?" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ దాపరికం లేకపోవడం ఒకవైపే ఎందుకుంటుంది? ఉద్యోగం చేసే స్త్రీ జీతం పడే ఖాతా కార్డు భర్త జేబులో ఉంటుంది. అత్తగారి పింఛను పాసుబుక్కు కొడుకు బీరువాలో ఉంటుంది. భర్త కార్డు పిన్ నంబరు తెలిసిన భార్యలు ఎందరు? అడిగితే నవ్వేసే ఇళ్లే ఎక్కువ. ఖాతా ఆమె పేరు మీద ఉంటుంది, తాళంచెవి మాత్రం వేరొకరి దగ్గర ఉంటుంది. ఇలాంటప్పుడు "మీ రహస్య సమాచారం ఎవరికీ చెప్పకండి" అని బ్యాంకు పంపే సందేశం చదివేది కూడా ఆమె కాదు. ఖాతాకు జతచేసిన ఫోను నంబరు ఆయనదో, కొడుకుదో!

బ్యాంకు గడప తొక్కడానికి మన స్త్రీలు చాలా కష్టపడ్డారు. 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లా స్త్రీలు రోజుకో రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. పొదుపు సంఘాలతోనే ఎంతోమంది మొదటిసారి పాసుబుక్కు పట్టుకున్నారు. 2014 ఆగస్టులో మొదలైన జన్ ధన్ ఖాతాల్లో సగానికి పైగా స్త్రీలవే. 2020లో కరోనా లాక్‌డౌన్ సమయంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా నెలకు 500 రూపాయలు వేసింది కూడా స్త్రీల జన్ ధన్ ఖాతాల్లోనే. ఖాతాలు వచ్చాయి. వాటి మీద అధికారం వచ్చిందా అన్నదే ఇప్పుడు అడగాల్సింది.

గ్రామాల్లో పరిస్థితి ఇంకో రకం. అక్కడ కార్డూ లేదు, పిన్నూ లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు వస్తుంది. నడవలేని ముసలివాళ్లకు ఇది మేలే, కాదనలేం. కానీ "సర్వర్ లేదమ్మా, మళ్లీ వేలు పెట్టు" అని రెండోసారి వేలు పెట్టించినప్పుడు, మొదటిసారే డబ్బు పోయిందో లేదో చదువురాని స్త్రీకి ఎలా తెలుస్తుంది? రసీదు అడిగితే విసుక్కునే చోట ఆమె ఎవరిని అడగాలి? పైగా వేలిముద్ర అసలు రహస్యమే కాదు. 2018లో తెలంగాణలో భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి, వాటితో సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన వ్యవహారం బయటపడింది. పిన్ నంబరు తెలిసిపోతే మార్చుకోవచ్చు. వేలు మార్చుకోగలమా?

మోసం జరిగాక మొదట వినబడే మాట "నీకు బుద్ధి లేదా?" అని. ఇంట్లో భర్త అంటాడు, బ్యాంకులో గుమాస్తా అంటాడు, ఒక్కోసారి పోలీసు స్టేషన్లోనూ అంటారు. ఇంజనీర్లూ, డాక్టర్లూ, రిటైరైన అధికారులూ ఫోను మాటలు నమ్మి లక్షలు పోగొట్టుకుంటున్నారు. వాళ్లు మోసపోతే నేరం మోసగాడిది. స్త్రీ మోసపోతే తప్పు ఆమె తెలివితక్కువతనానిది! ఈ మాటకు భయపడే చాలామంది స్త్రీలు పోయిన డబ్బు సంగతి రోజుల తరబడి ఎవరికీ చెప్పరు. నిజమైన నష్టం అక్కడే జరుగుతుంది.

ఎందుకంటే ఈ విషయంలో కాలమే హక్కు. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాలు చూడండి. తప్పు బ్యాంకుదైతే ఖాతాదారు ఒక్క రూపాయి కూడా భరించనక్కరలేదు. బ్యాంకు తప్పూ, మన తప్పూ లేకుండా మూడోవాడు మోసం చేస్తే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా మనం తెలియజేస్తే చాలు, నష్టం మనది కాదు. పిన్నో, ఓటీపీయో మనమే చెప్పి మోసపోయినా సరే, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకే భరించాలి. తప్పు ఖాతాదారుదని నిరూపించే బాధ్యత కూడా బ్యాంకుదే. ఈ సంగతి ఎన్ని శాఖల్లో తెలుగులో గోడ మీద రాసి పెట్టారు?

కాబట్టి డబ్బు పోయిందని తెలిసిన గంటలోనే 1930 నంబరుకు ఫోను చేయాలి. బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించాలి. ఫిర్యాదు రాసిచ్చి, అందినట్టు సంతకమో నంబరో తీసుకోవాలి. ఆధార్‌కూ, ఖాతాకూ మన సొంత ఫోను నంబరే జతచేయించుకోవాలి. అదుంటే వాడనప్పుడు వేలిముద్రకు ఆధార్‌లోనే తాళం వేసుకోవచ్చు. సంఘం సమావేశాల్లో అప్పుల లెక్కలతో పాటు ఈ విషయాలూ మాట్లాడుకోవాలి. ఎవరైనా మోసపోతే పదిమందిమి కలిసి బ్యాంకుకు వెళ్లాలి. ఒంటరిగా వెళ్లిన స్త్రీని కసిరినట్టు పదిమందిని కసరలేరు.

ఇక ఇంటి సంగతి. 2005 గృహహింస చట్టం స్త్రీకి ఆర్థిక వనరులు అందకుండా చేయడాన్ని కూడా హింసగానే గుర్తించింది. భార్యాభర్తల ఉమ్మడి ఖాతాను, లాకరును అతను వాడకుండా ఆపే అధికారం మేజిస్ట్రేటుకు ఇచ్చింది. అంటే బయటి దొంగ నుంచే కాదు, ఇంటివాళ్ల పెత్తనం నుంచి కూడా స్త్రీ డబ్బుకు రక్షణ అవసరమని చట్టమే ఒప్పుకుంది.

బెంగుళూరు స్త్రీని ఓడించిన ఆ నిబంధననే మనం ఎందుకు వాడుకోకూడదు? "పిన్ నంబరు చెప్పు" అని ఇంట్లో ఎవరైనా అడిగితే "నమ్మకం లేక కాదు, చెబితే డబ్బు పోయినా బ్యాంకు ఇవ్వదట" అని చెప్పవచ్చు. మొదట గొడవ జరగవచ్చు. ఓటు ఎవరికేశామో చెప్పక్కరలేదని నేర్చుకున్నవాళ్లం, ఇదీ నేర్చుకుంటాం. ఆ నాలుగంకెలు మన కష్టానికి వేసుకున్న తాళం. తాళంచెవి మన కొంగుకే ఉండాలి.