చీనీఖానా ఏమైంది?

న్యూజెర్సీలో మిల్‌స్టోన్ నది పక్కన 1950ల్లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిన నమూనాతో కట్టిన చిన్న ఇల్లు ఒకటి ఉండేది. నది పొంగినప్పుడల్లా ఇంట్లోకి నీళ్లొచ్చేవి. అక్కడే ఉంచితే ఇక నిలవదని తేలాక మా ఊరు బెంటన్‌విల్‌లోని క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం 2013లో దాన్ని కొంది. ఏ భాగానికి ఆ భాగం విప్పి, లారీల్లో వెయ్యి మైళ్లకు పైగా తెచ్చి, బెంటన్‌విల్ అడవిలో మళ్లీ నిలబెట్టారు. 2015 నవంబరు నుంచి జనాన్ని లోపలికి రానిస్తున్నారు. బాక్‌మన్-విల్సన్ హౌస్ అని పేరు. అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తే ఇక్కడి తెలుగువాళ్లం తప్పకుండా తీసుకెళ్లే చోటు ఆ మ్యూజియమే. లూయీస్ బూర్జువా చేసిన పెద్ద కంచు సాలీడు కింద నిలబెట్టి ఫొటోలు తీస్తాం. ప్రవేశం ఉచితమని, అడవి చెడకుండా కట్టారని, వీళ్లకు ఎంత శ్రద్ధో చూడండని చెబుతాం. ఆ మాటలన్నీ నిజమే. అలాంటి ఇల్లు మన చేతుల్లోనూ ఉండేదని, మనం దాన్ని నిలుపుకోలేకపోయామని మాత్రం ఏ రోజూ చెప్పం.

నేను అంటున్నది దివాన్ దేవిడీ గురించి. సాలార్‌జంగ్ మ్యూజియం తెలియని తెలుగువాళ్లు ఉండరు. గంట కొట్టే గడియారం ముందు చిన్నప్పుడు కూర్చోని హైదరాబాదీ ఉండడు. కానీ ఆ మ్యూజియం పుట్టింది మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలో కాదు. నిజాముల దగ్గర దివాన్లుగా చేసిన సాలార్‌జంగ్‌ల సొంత ప్యాలెస్‌లో, చార్మినార్‌కు దగ్గర్లోని దివాన్ దేవిడీలో. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో చనిపోయారు. పెళ్లి చేసుకోలేదు, వారసులు లేరు. ఆయన సేకరించిన వస్తువులను జేమ్స్ కజిన్స్ ఆ గదుల్లోనే అమర్చారు. మదనపల్లె కాలేజీతో అనుబంధం ఉన్న ఆ కజిన్సే. 1951 డిసెంబరు 16న నెహ్రూ వచ్చి తలుపులు తెరిచారు.

చైనా పింగాణీ, జపాను బొమ్మలు, పచ్చరాయి పాత్రలు, పర్షియా తివాచీలు... ఆసియా కళ అంతా ఒక పాత ప్యాలెస్‌లో, దాన్ని కూడబెట్టిన వంశం బతికిన ఇంట్లోనే, జనం చూడ్డానికి దొరికింది. ఇటలీలో వెనిస్‌లో, గ్రీసులో కోర్ఫూలో అలాంటి మ్యూజియాలు ఇప్పటికీ పాత ప్యాలెస్‌లలోనే ఉన్నాయి. మన దగ్గర 17 ఏళ్లే ఉంది. దివాన్ దేవిడీలో అద్దాల అయినాఖానా ఉండేది. చీనీఖానా ఉండేది. చీనీఖానా గోడల నిండా పింగాణీ పళ్లేలే. రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటోలో చూస్తే ఆ గదికి గోడలే మ్యూజియం అనిపిస్తుంది. బీరువాలో వస్తువునైతే ఎక్కడికైనా మోసుకెళ్లొచ్చు. అలాంటి గదిని మోయాలంటే ముందు దాని మీద ప్రేమ ఉండాలి.

1968లో వస్తువులు కొత్త భవనానికి వెళ్లాయి. వస్తువులు పోయాక ఇంటితో పనేముందనుకున్నాం. ప్యాలెస్ ముక్కలై, కూలి, దుకాణాలైంది. ఇప్పుడక్కడ హోల్‌సేల్ బట్టల బజారు. మిగిలినవి కొన్ని ద్వారాల కమానులు. బెంటన్‌విల్ నుంచి పెళ్లి బట్టలకు వెళ్లిన వాళ్లం మదీనా, పత్తర్‌గట్టీ తిరిగి ఆ కమానుల కిందినుంచే నడిచాం. తల ఎత్తలేదు.

అప్పటికి మేం పుట్టనైనా పుట్టలేదని మనలో చాలామంది అంటారు. అది సగం జవాబు కూడా కాదు. బాక్‌మన్-విల్సన్ హౌస్ తలుపులు తెరిచిన 2015లోనే, హైదరాబాదు వారసత్వ కట్టడాలకు అండగా ఉన్న 13వ నిబంధనను తీసేశారు. అప్పుడు మనం పుట్టే ఉన్నాం, సంపాదిస్తున్నాం, తెలుగు పత్రికలు ఫోన్లో చదువుతున్నాం. 2019లో ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను పడగొట్టి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. కోర్టుకెక్కింది అక్కడ ఉన్నవాళ్లు. మనం వార్త చదివి పక్కన పెట్టాం. చౌమహల్లా ప్యాలెస్‌ను నిజాం కుటుంబం బాగుచేయించుకుంది, 2010లో దానికి యునెస్కో అవార్డు వచ్చింది. అందులోనూ మన పాత్ర టికెట్ కొనడమే.

అసలు కారణం ఇంకా లోతుగా ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుపడేది. దివాన్ దేవిడీని మనలో చాలామంది మనదనుకోలేదు. నవాబులది, ఉర్దూ మాట్లాడేవాళ్లది, పాతబస్తీది అనుకున్నాం. కోస్తా నుంచి, సీమ నుంచి వచ్చినవాళ్లం హైదరాబాదు వాళ్ల గొడవ అనుకున్నాం. మరి మనదే అనుకున్నచోట ఏం చేశాం? 18వ శతాబ్దం చివర అమరావతి స్తూపం ఉన్న దీపాలదిన్నెలోంచి రాళ్లు తవ్వి ఇళ్లకూ కట్టడాలకూ వాడింది వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు. శిల్పాలు లండన్ ఓడలెక్కింది ఆ తర్వాతే. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలను చూసి దోచుకుపోయారని మండిపడతాం. ఆ కోపం న్యాయమే. మన చేతులతో మనం పోగొట్టుకున్నదాని మీద ఆ కోపంలో పదో వంతైనా లేదు, అదే నాకు బాధ.

చేతకాక కాదు. నాగార్జునసాగర్ నీళ్లు వస్తున్నాయని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం బృందం నాగార్జునకొండ లోయంతా తవ్వింది. ఇక్ష్వాకుల కట్టడాలను రాయి రాయిగా తీసి కొండ మీద, అనుపులో మళ్లీ కట్టారు. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించారు. ఈ ఊళ్లో ఒక ఇంటిని తరలించడం చూసి అబ్బురపడే మనం, మనవాళ్లు అంతకు దశాబ్దాల ముందే గుళ్లనూ విహారాలనూ తరలించారని పిల్లలకు చెప్పలేదు. చెప్పాలంటే మనకూ తెలియాలి కదా.

బెంటన్‌విల్ చౌరస్తాలో శామ్ వాల్టన్ 1950లో పెట్టుకున్న చిన్న కొట్టును మ్యూజియం చేశారు. ఆయన నడిపిన పాత ఫోర్డ్ ట్రక్కును కూడా దాచారు. మనలో చాలామంది జీతం ఆయన పెట్టిన వాల్‌మార్ట్ చుట్టూనే తిరుగుతుంది. ఒక దుకాణానికి ఆ మర్యాద ఇచ్చిన ఊళ్లో బతుకుతూ, ఒక దివాన్ ఇంటికి ఏమీ చేయలేకపోయాం. మన సంఘాలు సంక్రాంతికి హాలు అద్దెకు తీసుకుంటాయి, గాయకుల్ని రప్పిస్తాయి, భోజనాలు పెడతాయి. సంతోషమే. ఆ బడ్జెట్‌లో ఒక పాత గోడకు సున్నం వేయించడానికి పైసా కేటాయించిన ఏడాది నా ఎరుకలో లేదు. కేటాయించమని అడిగినవాళ్లం కూడా లేం.

కమిటీల్లో ఉన్నవాళ్లకు నా విన్నపం ఇది. దివాన్ దేవిడీలో మిగిలిన ఆ కమానుల రక్షణ కోసం తెలంగాణ వారసత్వ శాఖకు మన పేర్లతో ఒక ఉత్తరం రాద్దాం. రాబోయే సంక్రాంతి ఖర్చులో ఒక వాటా పక్కన పెడదాం. ఉత్తరం నేను రాసి తెస్తాను, సంతకాలు మీరు పెట్టండి.