చావు కబురు మోసినవాళ్ల చావును ఎవరు మోస్తారు?

మడకశిర పల్లెల్లో పాతకాలంలో చావు కబురు ఎలా నడిచేదో పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. ఊళ్లో భూమి ఉన్న ఇంట ఎవరైనా పోతే మాదిగ పల్లెకు పిలుపు వచ్చేది. ఒకరు పొద్దూ రాత్రీ చూడకుండా చుట్టుపక్కల ఊళ్లలోని బంధువులకు నడిచిపోయి చెప్పాలి. ఇంకొందరు తప్పెట కొట్టాలి, మరికొందరు గుంత తవ్వాలి. దీనికి కూలి లేదు, కాదనే హక్కు లేదు. దాని పేరే వెట్టి. ఇతరుల చావును లోకానికి తెలియజేసే పని తరతరాలుగా మన నెత్తిన పెట్టారు. మన ఇంట చావు జరిగితే మాత్రం ఆ కబురు పల్లె పొలిమేర దాటేది కాదు.

ఈరోజు చావు కబురు మోసేది పత్రికలు, టీవీ, ఫోన్లు. అందుకే ప్రముఖుల మరణవార్తను ఒట్టి సమాచారంగా చూడలేం. ఎవరు పోతే మొదటి పేజీ, ఎవరు పోతే జిల్లా పేజీలో నాలుగు లైన్లు, ఎవరు పోతే ఏమీ లేదు అన్న నిర్ణయం వెనక పాత ఊరి లెక్క చాలావరకు అలాగే ఉంది. కొద్దిగా మారిన చోట ఇంకో సమస్య వచ్చింది. మనిషికి దండ వేస్తారు, ఆ మనిషి కొట్లాడిన విషయాన్ని దండ కింద దాచేస్తారు.

గద్దర్ మరణాన్నే చూడండి. 2023 ఆగస్టు 6న హైదరాబాద్‌లో ఆయన కన్నుమూశారు. ప్రభుత్వం అధికార లాంఛనాలు ప్రకటించింది. అల్వాల్‌లో తాను స్థాపించిన మహాబోధి విద్యాలయం ఆవరణలో బౌద్ధ పద్ధతిలో అంత్యక్రియలు జరిగాయి. 2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆయన పేరు మీద సినిమా అవార్డులు ఇచ్చింది. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో దిగిన ఒక తూటాను ఆయన చివరిదాకా మోశారు. అంటే మనిషి బతికున్నప్పుడు భయపెట్టిన పాట, మనిషి పోయాక బహుమతి పేరుగా మారింది. పేరు నిలవడం మంచిదే. అయితే ఆ పేరు వినే పిల్లలకు సినిమా అవార్డే తెలిసి, తూటా సంగతి తెలియకపోతే మిగిలేది సగం మనిషే.

ఇంకో మాట. ఆగస్టు 6 మనకు అంతకుముందే ఒక తేదీ. 1991లో అదే రోజున చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. మృతదేహాలను ఊరి నడిమధ్యనే పూడ్చి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. తెలుగు నేల మీద మనం రాసుకున్న అతి పెద్ద మరణవార్త అదే. అది కాగితం మీద రాసింది కాదు, మట్టిలో రాసింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. గద్దర్‌ను తలుచుకునే ప్రతి ఆగస్టు 6న చుండూరును కూడా తలుచుకోవాలా, లేక ఒక తేదీ ఇంకో తేదీని మింగేయాలా? ఈ ప్రశ్న ప్రభుత్వానికి కాదు, మనకే.

పదవిని వదిలిన మనిషి

బొజ్జా తారకం 2016 సెప్టెంబర్ 16న పోయారు. కారంచేడు హత్యాకాండ జరిగినప్పుడు ఆయన హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. నిరసనగా ఆ పదవికి రాజీనామా చేసి, కత్తి పద్మారావుతో కలిసి దళిత మహాసభ నిర్మాణంలో నిలబడ్డారు. పోలీసులు పట్టుకుపోతే మనిషికి ఏ హక్కులుంటాయో మామూలు తెలుగులో చెప్పే పుస్తకం రాశారు. నివాళి వ్యాసాల్లో సాధారణంగా ‘ప్రముఖ న్యాయవాది, కవి’ అని రాస్తారు. కానీ ఆయన జీవితంలో ముఖ్యమైన ఘట్టం ఏ పదవి చేశారన్నది కాదు, ఏ పదవిని ఎందుకు వదిలారన్నది. మరణవార్త రాసే పద్ధతి పదవులను లెక్కపెట్టడానికి అలవాటుపడింది. వదిలేసినవాటిని లెక్కపెట్టే గడి అందులో లేదు.

కారంచేడు జరిగింది 1985 జులై 17న. అమెరికాలో నల్లవాళ్ల ఓటు హక్కు కోసం సెల్మా వంతెన మీద పోలీసుల దెబ్బలకు తల పగిలిన జాన్ లూయిస్ 2020లో పోయింది కూడా జులై 17నే. తేదీ కలవడం యాదృచ్ఛికమే. నేర్చుకోవాల్సింది ఆయన చేసిన పని నుంచి. చనిపోయే ముందు ఆయన ఒక వ్యాసం రాసి, తన అంత్యక్రియల రోజున అచ్చు వేయమని న్యూయార్క్ టైమ్స్‌కు పంపారు. తన చివరి మాట వేరేవాళ్ల చేతికి ఇవ్వలేదు.

అదే పత్రిక 2018 మార్చి 8న ఒక విషయం ఒప్పుకుంది. 1851 నుంచి తాము వేసిన మరణవార్తల్లో ఎక్కువ భాగం తెల్ల మగవాళ్లవేనని చెప్పి, వదిలేసినవాళ్ల గురించి కొత్తగా రాయడం మొదలుపెట్టింది. మొదటి విడతలోనే ఐడా బి. వెల్స్ ఉంది. నల్లవాళ్లను మూకలు చంపుతుంటే ఆ చావులను ఊరూరా తిరిగి లెక్కగట్టి అచ్చు వేసిన జర్నలిస్టు ఆమె. పోయింది 1931లో. వేలమంది చావులను లోకానికి తెలియజేసిన మనిషి చావు కబురుకు ఎనభై ఏడేళ్లు పట్టింది. మన తెలుగు పత్రికలు కూడా పాత సంచికలు తీసి ఇలాంటి లెక్క చూసుకుంటే బాగుంటుంది.

హద్దు దాటని సంతాపం

మడకశిర ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు శాసనసభ స్థానం. అగళి, రొళ్ల, అమరాపురం మండలాలను ఆనుకునే కర్ణాటక. చాలా ఇళ్లలో కన్నడం, ఆఫీసుల్లో తెలుగు. ఇక్కడి వలస కూలీల బస్సు బెంగళూరుకే పోతుంది. అటువంటి చోట సిద్ధలింగయ్య మరణం మన మరణమే కావాలి. దళిత సంఘర్ష సమితిని నిర్మించినవాళ్లలో ఒకరు, 1975లో వచ్చిన ‘హొలెమాదిగర హాడు’ కవి, ‘ఊరు కేరి’ ఆత్మకథ రాసిన మనిషి. 2021 జూన్ 11న కరోనాతో బెంగళూరులో పోయారు. మరుసటి ఏడాది మరణానంతరం పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ పల్లెకు ఒకరన్నా ఆయన పేరు విని ఉంటారు, కానీ తెలుగులో చదువుకునే మన పిల్లల పుస్తకాల్లో ఆయన లేరు. రాష్ట్రానికి గీసిన హద్దును మనం దుఃఖానికి కూడా గీసుకున్నాం.

ఆ హద్దును దాటి చూసినవాళ్లలో గెయిల్ ఆంవెట్ ఒకరు. అమెరికాలో పుట్టి మహారాష్ట్ర పల్లెలో స్థిరపడిన ఆమె 2021 ఆగస్టు 25న కాసేగావ్‌లో కన్నుమూశారు. 1994లో అచ్చయిన దళిత ఉద్యమ చరిత్రలో ఆమె మహారాష్ట్ర, ఆంధ్ర, కర్ణాటకలను కలిపి చదివారు. మడకశిర లాంటి సరిహద్దు ప్రాంతాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ పద్ధతే కావాలి.

మన శిబిరాల్లోనూ ఒక హద్దు ఉంది. ఎండ్లూరి సుధాకర్ 2022 జనవరి 28న పోయారు. ‘కొత్త గబ్బిలం’, ‘నల్లద్రాక్ష పందిరి’ కవిగా అందరూ తలుచుకున్నారు. ‘వర్గీకరణీయం’ రాసిన కవిగా తలుచుకున్నది కొందరే. ఎస్సీల వర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పే నాటికి ఆయన లేరు. వర్గీకరణను సమర్థించేవాళ్లయినా, వ్యతిరేకించేవాళ్లయినా ఆయన వాదాన్ని ఆయన మరణవార్తలో చెప్పడానికి వెనకాడాల్సిన పని లేదు. మాలల మృతులు, మాదిగల మృతులు అని పంచుకుంటూ పోతే ఊరు చేసిన పనినే మనం మళ్లీ చేసినట్టు.

మహిళల విషయంలో లోటు ఇంకా పెద్దది. ఆంధ్రప్రదేశ్‌లో మంత్రిగా, ఉపసభాపతిగా పనిచేసిన టి.ఎన్. సదాలక్ష్మి 2004లో పోయారు. ఆమె బతుకు కథను గోగు శ్యామల పుస్తకంగా తెచ్చారు కాబట్టి ఈరోజు విద్యార్థులకు ఆమె దొరుకుతున్నారు. అలా రాసేవాళ్లు లేని ఆడవాళ్లు ఎందరో మనం ఊహించుకోవచ్చు. పల్లెలో శవం దగ్గర ఆడవాళ్లు శోకం తీస్తూ పోయిన మనిషి పడ్డ కష్టం, తిన్న దెబ్బ, పెట్టిన అన్నం అన్నీ వరసగా చెబుతారు. అసలైన మరణవార్త అంటే అదే. రాసుకునేవాళ్లు లేక అది గాలిలో కలిసిపోతోంది.

చట్టం చెప్పే మాట

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన 2015 సవరణలు 2016 జనవరి 26న అమల్లోకి వచ్చాయి. సెక్షన్ 3(1)లో మూడు విషయాలు గమనించాలి. మన చేత బలవంతంగా గుంతలు తవ్వించడం, కళేబరాలు మోయించడం నేరం. అందరితో సమానంగా శ్మశానం వాడుకోనివ్వకపోవడం నేరం. ఎస్సీ, ఎస్టీలు ఎంతో గౌరవించే మరణించిన వ్యక్తిని మాటలతోనో రాతతోనో అవమానించడం కూడా నేరం. అంటే చావు చుట్టూ కులం ఎన్ని రకాలుగా పనిచేస్తుందో చట్టమే ఒప్పుకుంది. ఈ మూడూ ఒకే తాడు పోగులు.

కానీ అవమానాన్ని శిక్షించగల చట్టం, మరుపును శిక్షించలేదు. రోహిత్ వేముల 2016 జనవరి 17న మరణించాడు. పోలీసుల ముగింపు నివేదిక 2024 మేలో బయటికొచ్చింది. అతను ఎస్సీ కాడన్నది అందులోని వాదన. నిరసన రావడంతో మళ్లీ దర్యాప్తు చేస్తామని డీజీపీ ప్రకటించారు. ఎనిమిదేళ్ల తర్వాత కూడా ఆ పేరు తలిచి ప్రశ్నించేవాళ్లు ఉండటం వల్లే ఆ ప్రకటన వచ్చింది. తలుచుకోవడం ఉద్యమంలో ఒక పని అని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కాబట్టి కార్యకర్తలకూ విద్యార్థులకూ ఒక సూచన. మనవాళ్లు ఎవరు పోయినా, వాళ్లు దేశానికి తెలిసినవాళ్లయినా పల్లెకే తెలిసినవాళ్లయినా, మనం రాసే చావు కబురులో నాలుగు విషయాలు ఉండాలి. ఏ పల్లెలో పుట్టారు. దేన్ని ఎదిరించారు, దేన్ని వదులుకున్నారు. ఏ కేసు, ఏ భూమి, ఏ డిమాండ్ తేలకుండానే పోయారు. వాళ్ల కాగితాలు, పాటలు, కేసు కట్టలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి. చివరి దానికి జవాబు చాలాసార్లు చెదలు పట్టిన ట్రంకుపెట్టే అవుతుంది. అందుకే ఈ పని చావు దాకా ఆపకూడదు. మడకశిరలో తప్పెట కొట్టిన చివరి తరం, డీఎస్ఎస్ పాటలు పాడిన తరం, భూమి కోసం కలెక్టరాఫీసు మెట్లెక్కిన తరం ఇంకా మన మధ్యే ఉంది. వాళ్ల దగ్గర కూర్చుని, తెలుగులోనో కన్నడంలోనో వాళ్లు చెప్పింది రికార్డు చేసి, ఊరు పేరూ తేదీ రాసి దాచడం ఈ ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.