పది కుట్లు, అయిదు రేకులు

పోయిన నెల మా టీమ్‌లో రిలీజ్ ఉండి వరసగా మూడు వారాలు స్క్రీన్ ముందే గడిచిపోయాయి. పడుకుంటే నిద్ర రాదు, ఫోన్ పట్టుకుంటే రీల్స్ ఆగవు. ఓ రాత్రి ఆ రీల్స్‌లోనే ఎవరో దారంతో చిన్న పువ్వు అల్లేస్తున్నారు. ముప్ఫై సెకన్లలో పువ్వు రెడీ. ‘ఇంతేనా!’ అనుకుని ఒక క్రోషే హుక్కు, ఒక కాటన్ దారం ఉండ ఆర్డర్ పెట్టేశా.

నా ముప్ఫై సెకన్లు రెండు గంటలయ్యాయి. వచ్చింది పువ్వు కాదు, నూనెలో ముడుచుకుపోయిన అప్పడం. రూమ్మేట్ చూసి “ఆడాళ్ల పని మనకెందుకురా?” అని నవ్వాడు. నాకు మాత్రం ఎక్కడ తప్పు చేశానో తెలియకపోతే నిద్ర పట్టదు. జబ్బు అలాంటిది.

వీకెండ్‌కి ఊరెళ్లినప్పుడు అమ్మమ్మకి చూపించా. అమ్మమ్మది నరసాపురం దగ్గర పల్లె. నా చిన్నప్పుడు ఆవిడ చేతిలో లేసు సూది లేకుండా చూసిన గుర్తు లేదు. ఇప్పుడు చూపు ఆనడం లేదని మానేసింది. నా పువ్వుని వేళ్లతో ఒకసారి తడిమి, “ఇంత బిగబట్టావేవిట్రా, దారమేమన్నా పారిపోద్దా?” అంది. చివర లూపు పట్టుకుని ఒక్క లాగు లాగింది. నా రెండు గంటల పని నాలుగు సెకన్లలో మళ్లీ దారం అయిపోయింది!

క్రోషేలో ఉన్న అందమే అది. ఎంత పెద్దది అల్లినా, మామూలుగా సూది మీద ఉండేది ఒకే ఒక్క లూపు. అది లాగితే మొత్తం విడిపోతుంది. ఇంత మంచి ‘అన్‌డూ’ మా ఆఫీసులో కూడా లేదు.

సరే, మీరూ ట్రై చేయండి. కావలసినవి: కాస్త లావుగా ఉండే కాటన్ దారం, 3 మి.మీ. హుక్కు, కత్తెర, పెద్ద కన్నమున్న సూది, ఒక పిన్నీసు.

1. జారుముడి వేసి హుక్కుకి తగిలించండి. దారం హుక్కుకి చుట్టి లూపులోంచి లాగితే ఒక గొలుసు. అలా 5 గొలుసులు వేయండి.

2. మొదటి గొలుసులో హుక్కు గుచ్చి, దారం పట్టి, అన్నిట్లోంచీ ఒకేసారి లాగేయండి. ఇది స్లిప్ స్టిచ్. చిన్న రింగు తయారవుతుంది.

3. ఒక గొలుసు వేసి, రింగు మధ్యలోకి 10 సింగిల్ క్రోషేలు వేయండి. సింగిల్ అంటే, హుక్కు గుచ్చి దారం లాగితే 2 లూపులు వస్తాయి. మళ్లీ దారం చుట్టి రెండిట్లోంచీ లాగాలి. మొదటి కుట్టుకి పిన్నీసు పెట్టుకోండి. పదీ అయ్యాక దాన్లోకే స్లిప్ స్టిచ్ వేసి కలపండి.

4. ఇప్పుడు రేకు. 2 గొలుసులు వేసి, పక్క కుట్టులో 3 డబుల్ క్రోషేలు వేయండి. డబుల్‌కి ముందే దారం ఒకసారి చుట్టుకుని గుచ్చాలి. లాగాక 3 లూపులు ఉంటాయి. రెండేసి చొప్పున రెండుసార్లు దాటించాలి. తర్వాత మళ్లీ 2 గొలుసులు, ఆ పక్క కుట్టులో స్లిప్ స్టిచ్. ఒక రేకు అయింది.

5. ఇదే ఇంకో నాలుగుసార్లు. చివరి స్లిప్ స్టిచ్ పిన్నీసు ఉన్న మొదటి కుట్టులో పడుతుంది. జానెడు దారం ఉంచి కత్తిరించి, లూపులోంచి లాగేయండి. కొసలు సూదితో వెనకవైపు దాచేయండి. మధ్యలో ఒక పూస కుడితే ఇంకా బాగుంటుంది.

రేకుకి రెండు కుట్లు. పది కుట్లకి అయిదు రేకులు. లెక్క అంతే. నేను కలిపిన స్లిప్ స్టిచ్‌ని కూడా కుట్టుగా లెక్కపెట్టి తొమ్మిదే వేశాను. అందుకే అయిదో రేకుకి చోటు చాల్లేదు. ఆఫ్ బై వన్ ఎర్రర్, దారంలో కూడా!

ఇంకో బగ్ కూడా ఉంది. అమెరికా వాళ్ల ‘సింగిల్’ని బ్రిటన్ వాళ్లు ‘డబుల్’ అంటారు. అమెరికా ‘డబుల్’ బ్రిటన్‌లో ‘ట్రెబుల్’. నేను పైన చెప్పినవి అమెరికా పేర్లు. వీడియో చూసేముందు ఏ దేశం లెక్కో చూసుకోండి. అమ్మమ్మకి ఈ గొడవే లేదు. ఆవిడకి ఒకటి పొట్టి కుట్టు, ఇంకోటి పొడుగు కుట్టు.

గోదావరి జిల్లాలకి ఈ అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. దాదాపు అదే రోజుల్లో, 1840లలో, ఐర్లండ్‌లో కరవు వచ్చినప్పుడు అక్కడి ఆడవాళ్లు ఇదే సూదితో ఇళ్లు నడిపారు. ఒకరు పువ్వు, ఒకరు ఆకు అల్లితే ఇంకొకరు అన్నీ కలిపేవాళ్లు. మా ఊళ్లోనూ అంతే. అమ్మమ్మ పువ్వులు వేసేది, ఎదురింటావిడ అతుకుపని చేసేది. ఏజెంటు వచ్చి దారం ఇచ్చి, అల్లింది పట్టుకెళ్లేవాడు. అవి ఏ దేశం వెళ్లాయో, అక్కడెంతకి అమ్మారో వీళ్లకి తెలీదు.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ నరసాపురం ఆడవాళ్ల మీదే 1982లో ఒక పుస్తకం వేశారు. ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేస్తున్న వీళ్లని అందరూ ‘ఇంట్లో ఖాళీగా ఉండి ఏదో అల్లుకునే గృహిణులు’ అనే అనుకున్నారనీ, అందుకే కూలి అంత తక్కువనీ ఆమె వాదన.

ఇది చదివి అమ్మమ్మకి చెప్పా. ఆవిడ నవ్వి, “జనాభా లెక్కలోళ్లు వచ్చినప్పుడు మీ తాతయ్య ఏం చెప్పారో తెలుసా? ‘మా ఆవిడ ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది’ అన్నారు. అప్పుడు నా ఒళ్లో సగం అల్లిన టేబుల్ క్లాత్ ఉంది” అంది. మా అమ్మ ఇంటర్ ఫీజు కట్టింది ఆ లేసు డబ్బులతోనే. నేను వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తే ఉద్యోగం. ఆవిడ నలభై ఏళ్లు చేస్తే ‘ఖాళీ’.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. మెషీన్లు లేసుని అనుకరించగలవు గానీ, అసలైన క్రోషే ఇప్పటికీ చేత్తో అల్లాల్సిందే. అంటే సేల్‌లో చవగ్గా దొరికే క్రోషే టాప్ అసలుదైతే, దాని ప్రతి కుట్టు వెనకా ఒక మనిషి చెయ్యి ఉంది. ఒక పువ్వు అల్లి చూస్తే చాలు, ఆ రేటు మీకే తేడాగా అనిపిస్తుంది.

ఆదివారం సాయంత్రానికి నా పువ్వుకి అయిదు రేకులూ సరిగ్గా వచ్చాయి. క్లిప్పుకి కుట్టి అక్క కూతురి జళ్లో పెట్టాం. “ఇలాంటివి ఆన్‌లైన్‌లో రెండొందలకి అమ్ముతున్నారు అమ్మమ్మా” అన్నా.

ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నా. పువ్వు మీంచి వేలు తియ్యకుండానే అడిగింది.

“అల్లినోళ్లకి ఎంతిస్తున్నార్రా?”

నా దగ్గర జవాబు లేదు. మీరు ఈసారి కొనేటప్పుడు అదే ప్రశ్న అడిగి చూడండి.