గాజుతొట్టియు పగడపు దిబ్బయు

గత సంచికలో ఉప్పునీటి చేపలకు గాజుతొట్టిని అమర్చు విధమును వ్రాసితిని. అది చదివిన సోదరీమణులు కొందఱు ఒకే ప్రశ్న వేసిరి. అంగడిలో అన్ని చేపలును అందముగనే యున్నవి. వీనిలో మన యింట బ్రదుకునవి యేవి, నెల తిరుగకుండ చచ్చునవి యేవి అని. పుస్తకములు చూచి కొంత చెప్పవచ్చును. కాని ఆ చేపలు తమ పుట్టినింట ఎట్లు కాపురము చేయుచున్నవో కన్నులార చూచినచో సమాధానము సులభముగ దొరకును. అందుచే ఈ మాసము అండమానులలోని స్వరాజ్ ద్వీపము చెంత సముద్రములో దిగి నేను చూచిన సంగతులు వ్రాయుచున్నాను. పూర్వము హేవ్‌లాక్ అని పిలువబడిన దీవి యిదియే. విశాఖపట్టణమునుండి అండమానులకు ఓడ కలదు. అచ్చట తెలుగువారును పెక్కుమంది కలరు. కాబట్టి మనకు మరీ పరాయిచోటు కాదు.

స్కూబా యనగా నీటిలో పీల్చుటకు వలసిన గాలిని సిలిండరులో నింపి వీపున మోసికొనిపోవుట. 1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యాన్ అను నిద్దఱు ఈ సాధనమును చక్కబఱచిరి. "చీర కట్టుకొని ఎట్లు దిగితివే?" అని మా అత్తగారు అడిగిరి. మెడనుండి చీలమండలవఱకు ఒంటి నంటుకొనియుండు రబ్బరు దుస్తు తొడిగెదరు. సిగ్గుపడవలసినది ఏమియు లేదు. ముఖ్యనియమము ఒక్కటే: ఊపిరి బిగబట్టరాదు. పది మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపగును. అచ్చట పీల్చిన గాలి పైకి వచ్చుకొలది ఉబ్బును గనుక, బిగబట్టినచో ఊపిరితిత్తులు చినుగు ప్రమాదము కలదు. గర్భవతులు దిగనే రాదు. ఉబ్బసము గలవారు వైద్యుని అడుగక దిగరాదు. తక్కినది గురువు చెంత నేర్వవలసిన విద్య, కాగితముపై నేర్పబూనను.

తొట్టిని పెంచువారికి నీటిలో దిగిన వెంటనే ఒక చిత్రము కనబడును. మన దీపము క్రింద ఎఱ్ఱగ మెఱయు చేప అచ్చట మసిబాఱినట్లుండును. ఎండలోని ఎఱుపును నీరు మొదటనే మ్రింగివేయును. పదిమీటర్లు దిగునప్పటికి దాదాపు ఏమియు మిగులదు. అంగడివారి వెలుగులో చూచి మనము మురిసిన రంగు ఆ చేప తన బంధువులకు చూపు రంగు కాదన్నమాట. ఇక నీటి కదలిక చెప్పనక్కఱలేదు. లీటరునకు 35 గ్రాముల ఉప్పు కొలిచి కలుపుట మనచేత నగును గాని, ఆ రేయింబవళ్ళ కదలికను ఏ పంపు ఇచ్చును?

ఇప్పుడు రెండు కాపురముల సంగతి చెప్పెదను.

మొదటిది క్లౌన్ చేప. నారింజరంగుపై తెల్లని పట్టెలు గలది; 2003లో వచ్చిన నీమో చలనచిత్రము చూచిన పిల్లలందఱు దీని నెఱుగుదురు. ఇది సీ ఎనిమోన్ అను జంతువు చేతులనడుమ నివసించును. ఆ చేతులకు విషపుముండ్లు కలవు. ఇతర చేపలు దరిజేరవు, దీనికి మాత్రము అపకారము లేదు. ఎనిమోన్ ఒక్కటి ఒక యిల్లు. అందఱిలో పెద్దది ఆడుచేప, పెత్తనము దానిదే. తరువాతిది దాని మగడు. మిగిలిన చిన్నవి ఆడువియు కావు, మగవియు కావు. తమ వంతు రాకకై కనిపెట్టుకొనియుండును. యజమానురాలు చనిపోయినచో మగడే క్రమముగ ఆడుదిగ మాఱి ఆ స్థానమున నిలుచును. చిన్నవానిలో పెద్దది దానికి జతయగును. గ్రుడ్లను పెట్టుట తల్లి పని. వారముదినములు వానిని కాచి, రెక్కలతో నీరు విసరుట ముఖ్యముగ తండ్రి పని. పురుషుల పత్రికలలో ఈ సంగతి అచ్చువేయుదురో లేదో!

దిబ్బపై ఈ చేప తన యింటిని విడిచి రెండుమూడు బారలకు మించి పోవుట నేను చూడలేదు. విశాలమైన తిరుగుడు దానికి అక్కఱలేదు. అందుచే తొట్టిలోను హాయిగ బ్రదుకును, ఎనిమోన్ లేకున్నను కుదురుకొనును. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనసంస్థవారు దీనికి తొట్లలోనే పిల్లలు చేయించు విధమును సాధించిరి. క్రొత్తగ మొదలిడువారు అట్టి యింట పుట్టిన జంటనే కొనుట మేలు.

రెండవది క్లీనర్ రాస్. వ్రేలెడు పొడవు, నీలిమేనిపై నల్లని చార. ఇది దిబ్బపై ఒకచోట దుకాణము పెట్టును. పెద్ద చేపలు రేషను అంగడి ముందఱవలె వంతు కనిపెట్టి నిలుచును. గ్రూపర్ అను బలిష్ఠమైన చేప నోరు తెఱచి కదలక నిలువగా, ఈ చిన్నది దాని నోటిలోనికి పోయి, మొప్పలలోనుండి వెలికివచ్చినది. నేను ఊపిరి బిగబట్టరాదను నియమమును తలచుకొనుచు చూచితిని. పెద్దచేపల ఒంటిని పట్టిన పురుగులే దాని భోజనము. ఆస్ట్రేలియా దిబ్బలపై లెక్కించినవారు ఒక్క చేప దినమునకు వెయ్యికి పైగా పురుగులను తినునని కనుగొనిరి. ఈ యింట పెత్తనము మగదానిది, దానికి పెక్కుమంది భార్యలు. అది చచ్చినచో భార్యలలో పెద్దది మగదై కూర్చుండును. మొదటి కాపురమునకు సరిగా తలక్రిందు.

అయిదాఱు చేపలున్న మన తొట్టిలో దినమునకు వేయి పురుగులు ఎచ్చటనుండి వచ్చును? అందుచేతనే అంగడిలో చౌకగ దొరకు ఈ చేప తఱచుగ ఇంట ఆకలిచే కృశించి చచ్చును. చేప కృశించుట చూచి నీటిని మార్చెదరు, మందు వేసెదరు. దాని రోగము ఆకలి. చౌకయని దీనిని కొనవలదు. దిబ్బనుండి దీనిని తీసికొనివచ్చినచో అచ్చటి చేపలు వైద్యుని కోల్పోవును.

సజీవమైన పగడమును ఇంట ఉంచవచ్చునా యని ఒకరు అడిగినారు. 1846లో ఆనా థిన్ అను ఆంగ్లవనిత టోర్కీ తీరమునుండి పగడములను లండనునకు తెచ్చి బ్రదికించెను; గాలి తగులుటకు దాసిచేత ఆ నీటిని ఒక పాత్రనుండి మఱొక పాత్రకు దినదినము పోయించెడిది. పనిలో పాలు దాసిదైనను పేరు ఆమెది కాలేదు. మన దేశమున మాత్రము ఆ కోరిక విడువవలెను. వన్యప్రాణి సంరక్షణచట్టము క్రింద పగడములను, సముద్రపుగుఱ్ఱములను పట్టుటయు అమ్ముటయు నేరము. సముద్రము వేడెక్కినప్పుడు పగడములు తమలో నివసించి తమకు అన్నము పెట్టు సూక్ష్మమైన నాచును వెళ్ళగొట్టి తెల్లబాఱును. 2010లో అండమాను దిబ్బలు ఇట్లు మిక్కిలి దెబ్బతినెను. కోలుకొనుచున్న కొమ్మలను నేనును చూచితిని. వాని ప్రక్కనే చచ్చి నాచుపట్టిన రాళ్ళగుట్టలును కలవు.

చేపను కొనునప్పుడు ఎచ్చట పుట్టినదో అడుగుడు. ఫిలిప్పీను దీవులలో 1960 ప్రాంతమునుండి సయనైడు చల్లి చేపలను మత్తెక్కించి పట్టుట కలదు. అట్టివి అంగడిలో చక్కగ ఈదుచుండి, ఇంటికి వచ్చిన కొలదివారములకే చచ్చును. ఆ విషము తగిలిన పగడమును చచ్చును. అంగడివాడు సమాధానము చెప్పలేకపోయినచో డబ్బు సంచిలోనే యుంచుకొనుడు. చెప్పినచో, మీ యెదుటనే మేత వేయించి, అది తినుట చూచిన పిమ్మట కొనుడు.

తొట్టినీటిని ఎన్ని దినములకు ఎంత మార్చవలెనో రాబోవు సంచికలో వ్రాసెదను.