కొల్లేరు పిల్లల తెలుగు తప్పుల తెలుగా?

పదో తరగతి తెలుగు పరీక్షలో ‘మా ఊరు’ గురించి రాయమంటే కొల్లేరు లంక పిల్లవాడు ఏం రాస్తాడు? వాడికి మావు వేయడం తెలుసు. తాటిదోనె తెలుసు. 2006లో సర్కారు చేపల చెరువుల గట్లు తెంచిన కథ ఇంట్లో వింటూ పెరిగాడు. అవేవీ రాయడు. ‘పల్లెలు దేశానికి పట్టుకొమ్మలు’ అని గైడులోది దింపుతాడు. మార్కులు దానికే పడతాయని వాడికి తెలుసు!

రెండున్నర జిల్లాల భాషను మన నెత్తిన రుద్దారని దశాబ్దాలు కొట్లాడినం. అది న్యాయమైన కొట్లాట. కానీ ఆ జిల్లాల్లోకే పోయి చూడండి. ఏలూరు, తాడేపల్లిగూడెం బడుల్లో కూలోళ్ల, చేపలోళ్ల పిల్లల మాటకు ఎర్రసిరా గీతే గతి. అంటే పెత్తనం జిల్లాది కాదు, చదువును గుత్తకు పట్టిన కొద్దిమందిది.

ఇది నేటి రోగం కాదు. 1912-13లో స్కూలు ఫైనలు వ్యాసాన్ని వాడుక భాషలోనూ రాయవచ్చన్నారు. పండితులు గగ్గోలు పెట్టారు. 1914లో మద్రాసు ప్రభుత్వం ఆ అనుమతిని రద్దు చేసింది. గిడుగు రామమూర్తి ఊరుకోలేదు. 1925లో తాడేపల్లిగూడేనికి దగ్గరి తణుకులో, ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలోనే, గంటల తరబడి వాడుక భాష కోసం వాదించాడు. వాడుక భాష పుస్తకాల్లో గెలిచింది. ఎవరి వాడుక అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

పోనీ, ఈ మార్కులైనా నికరమా? 1912లోనే అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే పరిశోధకులు ఒకే ఇంగ్లీషు జవాబు పేపరును 142 మంది టీచర్లతో దిద్దించారు. ఒకరు 64 వేస్తే, ఇంకొకరు 98 వేశారు! 1963లో బ్రాడాక్ బృందం పాత పరిశోధనలను తిరగేసి, వ్యాకరణ సూత్రాలు నూరిపోస్తే పిల్లల రాత బాగుపడదని తేల్చింది. మన స్పాట్ వాల్యుయేషన్లో కట్టలకు కట్టలు నిమిషాల మీద దిద్దేస్తుంటే న్యాయం ఎక్కడిది?

ఉపాధ్యాయ మిత్రులారా, తప్పు మీ ఒక్కరిదే అనడం లేదు. విద్యార్థులారా, మీరే అడగండి. వ్యాసాన్ని ఇద్దరు విడివిడిగా దిద్దాలి. దేనికెన్ని మార్కులో ముందే చెప్పాలి. బడిలో దిద్దిన కాగితం పిల్లవాడి చేతికిచ్చి మళ్లీ రాయించాలి. సొంత మాటకు, సొంత అనుభవానికి మార్కులుండాలి.

తన ఊరి గురించి తన మాటల్లో రాయలేని పిల్లవాడు రేపు తన హక్కు కోసం అర్జీ ఏం రాస్తాడు? వాళ్లకు కావలసింది కూడా అదేనా?