ఆ లైన్ రాసే ముందు అప్‌డేట్ చూశారా?

స్కిల్స్ కింద 'ఎంఎస్ ఆఫీస్' అని రాయని రెజ్యూమె దాదాపు ఉండదు. తలుపులలోనో కదిరిలోనో నెట్ సెంటర్‌లో కూర్చుని ఆ లైన్ టైప్ చేసేటప్పుడు, ఆ కంప్యూటర్లో ఆఫీస్ ఏ వెర్షనో, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో ఎంతమంది చూస్తున్నాం? చాలాచోట్ల ఉండేది క్రాక్ కాపీ. డేటా అయిపోతుందని అప్‌డేట్లు ఆపేసి ఉంటారు. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ నేనూ అలాగే నెట్టుకొచ్చాను, కాబట్టి ఎవర్నీ తిట్టే అర్హత నాకు లేదు.

వర్డ్‌లో సమీకరణాలు రాయడానికి ఈక్వేషన్ ఎడిటర్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ ఉండేది. 2000లో తయారైన ఫైలే ఏళ్ల తరబడి ఆఫీస్‌తో పాటు వచ్చింది. డాక్యుమెంట్‌లోని ఫాంట్ పేరును మెమరీలోకి కాపీ చేసేటప్పుడు, ఆ పేరు ఎంత పొడవుందో అది చూసుకునేది కాదు. కావాలని పొడవాటి పేరు పెడితే అది పక్క మెమరీ మీదికి పొర్లి, దాడి చేసేవాడి కోడ్ నడిచేది. సీ ల్యాబ్‌లో 'కాపీ చేసే ముందు సైజు చూడండ్రా' అని సార్ మొత్తుకునేది ఇందుకే! దీనికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది 2017 నవంబరులో, అంటే పదిహేడేళ్లకు. అందులోనే మరో లోపం బయటపడటంతో 2018 జనవరిలో ఆ ప్రోగ్రామ్‌నే పీకేసింది. ఆ తర్వాత కూడా ఏళ్లపాటు కేటుగాళ్లు అదే లోపాన్ని వాడారు. ప్యాచ్ వేసుకోని కంప్యూటర్లు అన్ని ఉన్నాయి మరి.

2017 మేలో వానాక్రై వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లూ దెబ్బతిన్నాయి. అది విండోస్ లోపం. దానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చింది.

ఉద్యోగం వెతికేవాళ్లకు దీంతో పనేంటంటే, 'మీరు షార్ట్‌లిస్ట్ అయ్యారు' అని వర్డ్ ఫైల్ వస్తే మనం ఆగం. పైన పసుపు పట్టీ కనిపించగానే 'ఎనేబుల్ ఎడిటింగ్' నొక్కేస్తాం. ఆధార్, మార్కుల మెమోలు ఉండేది కూడా అదే కంప్యూటర్లో.

అప్‌డేట్ చేస్తే క్రాక్ పోతుందంటారు. పోతే పోనీ. లిబ్రేఆఫీస్ ఉచితం, రెజ్యూమెకు చాలు, కాకపోతే దాన్నీ అప్‌డేట్ చేస్తుండాలి. అసలు కాపీ అయినా ఆఫీస్ 2016, 2019లకు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది.

ఈసారి నెట్ సెంటర్‌కు వెళ్తే వర్డ్‌లో ఫైల్, ఆ తర్వాత అకౌంట్ నొక్కి వెర్షన్ చూడండి. పాతదైతే ఓనరన్నను అడగండి. కసురుకుంటాడేమో, అయినా అడగండి.